ఇంట్లో కొలిమి పెట్టుకోవాలనుకునేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు

మా పెరట్లో కొలిమి వెలిగించి నాలుగేళ్లు దాటింది. అప్పట్నుంచి ఫోన్లో, పెళ్లి భోజనాల దగ్గర, చివరికి బస్సులో కూడా అవే సందేహాలు అడుగుతున్నారు, అందుకని అన్నీ ఒకచోట రాసేస్తున్నా. నేను కమ్మరి ఇంట పుట్టినవాణ్ని కాదు, సెలవు రోజుల్లో ఇనుము కొట్టుకునే ఉద్యోగిని, కాబట్టి ఇందులో సగం నా తప్పుల్లోంచి వచ్చిందే. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి.

## వెలిగించక ముందు

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం, బాల్కనీలో చిన్నది పెట్టుకోవచ్చా?

వద్దు. నిప్పురవ్వలు ఎటు ఎగురుతాయో మన చేతిలో ఉండదు, కింద ఫ్లోర్‌లో ఆరేసిన చీర మీద ఒక్కటి పడితే చాలు. దానికి తోడు సుత్తి మోత స్లాబు గుండా నాలుగు అంతస్తులకీ వెళ్తుంది. ఊళ్లో అమ్మానాన్నల ఇంటి పెరడో, స్నేహితుడి పొలం దగ్గర షెడ్డో చూసుకుని నెలకు రెండుసార్లు వెళ్లండి. చాలామంది అలాగే మొదలుపెడతారు.

సొంత ఇల్లే, డాబా మీద పెట్టుకుంటే?

పెట్టుకున్నవాళ్లు ఉన్నారు, నాకైతే నచ్చదు. పైన గాలి ఎక్కువ, రవ్వలు పక్కింటి దాకా పోతాయి. ఎర్రగా కాగిన ఇనుము జారి నేరుగా సిమెంటు మీద పడితే అక్కడ పెచ్చు ఎగిరిపడుతుంది కూడా. తప్పదంటే కొలిమిని ఇనుప కాళ్ల స్టాండు మీద పెట్టి, కింద రెండంగుళాల మందాన ఇసుక పరవండి. నేల మీద, మట్టి మీద పెట్టుకునే చోటు ఉంటే మాత్రం డాబా ఆలోచన మానేయండి.

చోటు ఎంత కావాలి? షెడ్డు తప్పనిసరా?

పది అడుగులకు పది అడుగులు ఉంటే దర్జాగా సరిపోతుంది, ఆరుకు ఎనిమిది ఉన్నా సర్దుకోవచ్చు. కొలిమికీ దాగలికీ (కాగిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ) మధ్య ఒక్క అడుగు వేసి తిరిగేంత దూరమే ఉండాలి, ఎందుకంటే సన్నటి కడ్డీ అయితే బయటికి తీసిన కొన్ని సెకన్లలోనే చల్లారిపోతుంది.

గోడలు అక్కర్లేదు, నీడ మాత్రం తప్పనిసరి. ఎండ తగలకుండా ఉండటానికని అనుకుంటారు, అసలు కారణం వేరు. పట్టపగలు వెలుతురులో కాగిన ఇనుము రంగు తెలియదు. నీడలో నారింజ రంగులో మెరిసేది ఎండలో మామూలు ఇనుములాగే కనిపిస్తుంది, ఇంకా కాగలేదనుకుని మళ్లీ నిప్పుల్లో పెడతారు, అది కాస్తా కాలిపోతుంది. రేకుల కప్పు, మూడు వైపులా తెరిచి ఉన్న చోటు, నాలుగో వైపు గోడ: ఇంతకంటే మంచి ఏర్పాటు నేను చూడలేదు. తాటాకు పందిరి కింద మాత్రం వద్దు, ఎందుకో చెప్పక్కర్లేదనుకుంటా.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

అన్నీ కొత్తవి కొంటే చేతి చమురు వదులుతుంది. పాత ఇనుము దుకాణంలో ఏరుకుంటే ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ధరలో సగానికి పని మొదలవుతుంది. డబ్బు పెట్టాల్సిన చోట్లు రెండే: కళ్లజోడు, గాలి కోసం బ్లోయర్. మిగతావి ముందు పాతవి, తర్వాత మీరే చేసుకున్నవి. యాభై వేలు పెట్టి సామాను కొని, మూడు వారాలకే విసుగొచ్చి అమ్మకానికి పెట్టినవాళ్లను ముగ్గుర్ని చూశా. నా దగ్గరున్న గ్రైండరు వాళ్లలో ఒకరిదే.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి? వీడియోలు చాలవా?

వీడియోలో రంగు సరిగ్గా కనపడదు, కెమెరా దాన్ని మార్చేస్తుంది. బరువు అసలే తెలియదు. మీ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా కొలిమి నడిపే కమ్మరి ఉంటే వెళ్లి కూర్చోండి. ఏరువాకకు ముందు కర్రులు, కోతలకు ముందు కొడవళ్ల పనితో ఆయనకు ఊపిరాడదు, ఆ రోజుల్లో వెళ్లి బాబాయ్ నేర్పించవా అంటే ఏం నేర్పిస్తాడు? పని తక్కువున్నప్పుడు వెళ్లండి, బ్లోయరు తిప్పే పని అడిగి తీసుకోండి. నేను మొదటి రెండు రోజులు గాలి కొట్టడం తప్ప ఇంకేమీ చేయలేదు, నిప్పును చూడటం వచ్చింది అక్కడే. ఒక్క మాట: దాగలి మీద కూర్చోకండి, కాలు పెట్టకండి. దసరాకు దానికి పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు, మీరు దాని మీద టీ గ్లాసు పెట్టినా ఆయన మొహం మారుతుంది.

## కొలిమి, గాలి, బొగ్గు

మొదటి కొలిమి కొనాలా, కట్టుకోవాలా?

కట్టుకోండి, ఒక ఆదివారం పని. సిమెంటు మోసే ఇనుప తట్ట పెద్దది ఒకటి తీసుకుని, పక్కన గాలి గొట్టం పట్టేంత రంధ్రం పెట్టించండి. అంగుళం లేదా అంగుళంపావు లావున్న మామూలు నల్ల ఇనుప గొట్టం చాలు. తట్ట లోపల మట్టి మెత్తి, మధ్యలో కొబ్బరి చిప్పంత గుంట వదలండి, గొట్టం మూతి ఆ గుంటలోకి పక్కనుంచి తెరుచుకోవాలి. నేను రెండు పాళ్లు పుట్టమన్ను, ఒక పాలు ఇసుక, రెండు గుప్పెళ్లు ఊక కలిపి, పూరీ పిండి కంటే గట్టిగా పిసికి మెత్తాను. వారం రోజులు నీడలో ఆరనిచ్చి, మొదటిసారి చితుకులతో చిన్న మంట పెట్టి అరగంట కాచండి. తొందరపడి పచ్చి మట్టి మీద పెద్ద మంట పెడితే పగుళ్లే. చిన్న పగుళ్లు ఎలాగూ వస్తాయి, వాటిలో తడిమట్టి పాముకుంటూ పోవడమే.

సిమెంటుతో కట్టొద్దు, ఏటి గులకరాళ్లు పేర్చొద్దు. లోపలి తేమ ఆవిరై బయటికి దారి లేక పెచ్చులు పేలి ఎగురుతాయి, అవి సరిగ్గా మొహం ఎత్తుకే వస్తాయి.

గాలికి హెయిర్ డ్రైయర్ సరిపోతుందా?

కొన్నాళ్లు సరిపోతుంది. వేడి స్విచ్ ఆపి చల్లగాలి మీదే పెట్టండి, మధ్యలో కనీసం మూడడుగుల ఇనుప గొట్టం ఉండాలి, లేకపోతే ప్లాస్టిక్ మూతి కరిగిపోతుంది. ఇబ్బంది ఎక్కడంటే అది ఆగకుండా కొడుతూనే ఉంటుంది. మీరు ఇనుము కొడుతున్నంతసేపూ బొగ్గు వృథాగా కాలిపోతుంది. చేత్తో తిప్పే బ్లోయర్ కొంటే మీరు ఆపగానే గాలి ఆగుతుంది, బొగ్గు దాదాపు సగం మిగులుతుంది. పాత తోలుతిత్తి దొరికితే అదృష్టమే కానీ దాన్ని ఊదడానికి ఇంకో మనిషి కావాలి, మా ఇంట్లో ఆ ఉద్యోగానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఏ బొగ్గు వాడాలి?

కొత్తవాళ్లకు కట్టెబొగ్గు. సర్కారు తుమ్మ బొగ్గు మన దగ్గర తేలిగ్గా దొరుకుతుంది, గట్టిగా ఉంటుంది, వేడి బాగా ఇస్తుంది. ఇస్త్రీ బండివాళ్లనో ఇరానీ హోటల్ వాళ్లనో అడిగితే ఎక్కడ కొంటున్నారో చెబుతారు. పెద్ద ముక్కలు అలాగే వేయకండి, ఉసిరికాయంత సైజుకు పగలగొట్టండి, పొడి మాత్రం పక్కన పెట్టేయండి. రెండు గంటల పనికి నాకు నాలుగైదు కిలోలు పడుతుంది.

రాక్షసిబొగ్గు అయితే సింగరేణిది చేతికి దగ్గరే కదా అంటారు. కానీ అది థర్మల్ విద్యుత్తుకు వాడే రకం, బూడిద ఎక్కువ, నిప్పులో ముద్దకట్టే కోకింగ్ రకం కాదు. కొలిమికి కావాల్సింది ముద్దకట్టేదే, అది ఝరియా వైపు దొరుకుతుంది. పైగా రాక్షసిబొగ్గు మొదట్లో ఇచ్చే పసుపుపచ్చ పొగకు పక్కింటివాళ్లు రెండోరోజే గొడవకొస్తారు.

గ్యాస్ కొలిమి మంచిదా? ఇంట్లో సిలిండరు వాడొచ్చా?

గ్యాస్ కొలిమి శుభ్రం, త్వరగా వేడెక్కుతుంది, పొగ లేదు. కానీ ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండరు వంటకోసమే, వేరే పనికి వాడటం నిబంధనలకు విరుద్ధం. 19 కిలోల కమర్షియల్ సిలిండరు తీసుకోవాలి. వంటింటి రెగ్యులేటరు ఇచ్చే ఒత్తిడి ఈ బర్నర్లకు చాలదు, హై ప్రెషర్ రెగ్యులేటరు, దానికి తగ్గ గొట్టం వేరే. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకయితే పైకి పోకుండా నేల మీదే పేరుకుంటుంది, కాబట్టి గోతిలోనో మూసిన గదిలోనో అసలు పెట్టకూడదు. లోపల అతికించే తెల్లటి సెరామిక్ దూదిని ఉత్తదిగా వదలొద్దు, దాని నూగు ఊపిరితిత్తులకు చేటు, పైన అగ్నిమట్టి పూత వేయాలి. ఇదంతా చేయగలిగితే గ్యాస్, లేకపోతే బొగ్గు.

బొగ్గుకు పొగ లేదు కదా, గదిలో పెట్టుకోవచ్చా?

ఇది చాలా ప్రమాదకరమైన అపోహ. పొగ కనపడకపోయినా కాలే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, కాళ్లలో నీరసం మొదలైతే అన్నీ వదిలేసి బయటి గాలిలోకి వచ్చేయండి. ఒక్క కిటికీ తెరిచి ఉంటే చాలదు. వర్షం వచ్చిందని కొలిమిని వరండాలోంచి లోపలికి జరపడం కూడా ఇందులోకే వస్తుంది.

## దాగలి, సుత్తి, పటకారు

దాగలి ఎక్కడ దొరుకుతుంది? ఆన్‌లైన్‌లో కొనొచ్చా?

మా వైపు దాగలి అంటారు, కొన్నిచోట్ల దాకలి, హార్డ్‌వేర్ షాపులో మాత్రం యాన్విల్ అంటేనే తలూపుతారు. హైదరాబాద్ వాళ్లు రాణిగంజ్‌లో, విజయవాడ వాళ్లు ఆటోనగర్‌లో తిరిగితే ఏదో ఒకటి తగులుతుంది.

ఆన్‌లైన్‌లో నేను కొన్న మొదటిది పోత ఇనుముది, నల్ల రంగు వేసి ముద్దుగా పంపారు. మూడో ఆదివారానికి అంచు బిస్కెట్‌లా విరిగి నా చెప్పు పక్కన పడింది. కొనేముందు ఒక బేరింగు గోళీ జేబులో వేసుకెళ్లండి. పది అంగుళాల ఎత్తు నుంచి దాగలి మీద వదిలితే మంచి ఉక్కుదైతే ఏడెనిమిది అంగుళాల పైకి ఎగురుతుంది. పోత ఇనుముదైతే రెండు మూడు అంగుళాలు లేచి చతికిలబడుతుంది. షాపువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

దాగలి కొనే స్తోమత లేదు, బదులుగా ఏం పెట్టుకోవచ్చు?

బరువైన ఉక్కు ముక్క ఏదైనా సరే. అడుగు పొడవు, ఆరంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న ఇనుప దిమ్మ దాదాపు 28 కిలోలు తూగుతుంది, మొదటి ఏడాదికి అంతకుమించి అక్కర్లేదు. లారీ యాక్సిల్ ముక్కను నిలువుగా మొద్దులోకి దింపినా బాగుంటుంది, పాత సమ్మెట తల కూడా చిన్న పనులకు పనికొస్తుంది. చూడాల్సింది సైజు కాదు, సుత్తి దెబ్బ పడేచోట కింద ఎంత ఇనుము ఉందో అది. పలచటి వెడల్పాటి ప్లేటు ఎంత బరువున్నా స్ప్రింగులా ఊగి మీ దెబ్బను మింగేస్తుంది.

రైలు పట్టా ముక్క పాత సామాన్ల వాడి దగ్గర చూశా, తీసుకోనా?

పనికి చాలా మంచిది. మన దగ్గర వాడే పట్టాలు మీటరుకు 52 కిలోలు, 60 కిలోలు ఉంటాయి, అంటే అడుగు ముక్కే 16 నుంచి 18 కిలోలు. కానీ అది ఎక్కడిదో తేలనిదే ముట్టుకోకండి. దొంగిలించిన రైల్వే సామాను దగ్గర ఉంచుకోవడమే 1966 నాటి చట్టం ప్రకారం నేరం. రైల్వే వేలంలో కొన్న తుక్కు అని బిల్లు చూపిస్తే తీసుకోండి, బిల్లు లేదంటే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. తీసుకున్నాక పడుకోబెట్టి కాకుండా నిలబెట్టి వాడి చూడండి, కొట్టే చోటు చిన్నదే కానీ దెబ్బ అస్సలు వృథా పోదు.

దాగలిని దేని మీద పెట్టాలి, ఎంత ఎత్తులో?

మటన్ కొట్లో చూసే చింతమొద్దు. దాన్ని మించింది లేదు: పగలదు, బరువు, తడికీ ఓర్చుకుంటుంది. వేపమొద్దు కూడా ఫరవాలేదు. నిటారుగా నిలబడి చేయి కిందికి వదిలి పిడికిలి బిగించండి, దాగలి పైభాగం ఆ పిడికిలి కణుపుల ఎత్తుకు రావాలి. ఎక్కువ ఎత్తైతే భుజం లాగుతుంది, తక్కువైతే నడుము. మొద్దు అడుగున అంగుళం ఖాళీ వచ్చేలా మధ్యలో చెక్కేస్తే ఎగుడుదిగుడు నేల మీద ఊగదు.

సుత్తి మోతకు పక్కింటివాళ్లు గొడవ చేస్తున్నారు, ఏం చేయాలి?

దాగలి చుట్టూ బరువైన గొలుసు బిగించి చుట్టండి, పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి దాని పక్కకు అతికించండి. గంటలా మోగేది టక్ టక్‌మనే చప్పుడుకు దిగుతుంది. దాగలి, మొద్దు మధ్య పాత టైరు ముక్క వేస్తే ఇంకా తగ్గుతుంది కానీ మరీ మందంగా వేస్తే దాగలి ఊగుతుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, రాత్రి ఏడు తర్వాత అసలు కొట్టకండి. మా పక్కింటి పెద్దమ్మకు పాత గునపం మొన చేసిచ్చిన రోజు నుంచి నాకు ఫిర్యాదులు లేవు.

ఎంత బరువు సుత్తి తీసుకోవాలి?

800 గ్రాముల నుంచి కిలో. రెండు కిలోలది పట్టుకుంటే పని త్వరగా అవుతుందనుకుంటారు, అరగంటకు చేయి వణికి ప్రతి దెబ్బా వంకరగా పడుతుంది. షాపులో దొరికే గుండు సుత్తి చాలు. కొత్త సుత్తి మొహం అంచులు పదునుగా ఉంటాయి, గ్రైండరుతో కొంచెం గుండ్రం చేసుకోకపోతే ఇనుము మీద నెలవంక మచ్చలు మిగులుతాయి. పిడిని బిగించి పట్టుకోకండి, దెబ్బ తగిలాక సుత్తి దానంతట అదే పైకి లేవాలి. మోచేతి నొప్పి వస్తే సుత్తి తప్పు కాదు, పట్టు తప్పు.

పటకార్లు ఎన్ని కొనాలి?

మొదట్లో ఒక్కటీ వద్దు. రెండడుగుల కడ్డీతో పని మొదలుపెడితే ఒక చివర కాగినా రెండో చివర చేత్తో పట్టుకోవచ్చు, వస్తువు అయ్యాక కోసేసుకోండి. ఆ తర్వాత ఒక్క పటకారు కమ్మరి దగ్గర చేయించుకోండి, మీరు ఎక్కువగా వాడే కడ్డీ ముక్క తీసుకెళ్లి దానికి సరిపోయేలా నోరు చేయమనండి. నోరు సరిగ్గా కుదరని పటకారుతో పని చేస్తే ఎర్రటి ముక్క జారి కాలి మీద పడుతుంది, అందుకే వంటింటి పటకారు ఇక్కడికి తేవద్దు.

ఏం వేసుకోవాలి?

నూలు చొక్కా, నూలు ప్యాంటు, తోలు బూట్లు. పాలిస్టరు కలిసిన చొక్కా మీద రవ్వ పడితే గుడ్డ కరిగి చర్మానికి అతుక్కుంటుంది, నా ఎడమ ముంజేతి మీద బియ్యపుగింజంత మచ్చ దాని గుర్తే. లుంగీ, చెప్పులు వద్దు, పల్లెలో తాత అలాగే చేస్తాడు కదా అనొద్దు, ఆయనకు యాభై ఏళ్ల అలవాటు. ప్యాంటు కాళ్లు బూట్ల బయటికి ఉండాలి, లోపలికి దోపితే రవ్వ నేరుగా బూట్లోకి దిగుతుంది. కళ్లజోడు లేకుండా ఒక్క దెబ్బ కూడా కొట్టకండి. సుత్తి చేతికి గ్లవ్ వేసుకోకపోవడమే మంచిది, పట్టు జారుతుంది.

## మొదటి ఇనుము

ఏ ఇనుముతో మొదలుపెట్టాలి?

హార్డ్‌వేర్ షాపులో ఎంఎస్ రాడ్ అంటారు, పది లేదా పన్నెండు ఎంఎం గుండ్రటిది లేదా చదరంది. కార్బన్ తక్కువ, మెత్తగా లొంగుతుంది, నీళ్లలో ముంచినా పగలదు, ఎన్ని తప్పులు చేసినా ఓర్చుకుంటుంది. ఇల్లు కట్టగా మిగిలిన టీఎంటీ ముక్కలు ఉచితంగా దొరుకుతాయని అందరూ వాటితో మొదలుపెడతారు. కొక్కేలు, గూటాలు చేయడానికి పరవాలేదు కానీ లోపలి రసాయనం ముక్క ముక్కకీ మారుతుంది, వాటితో కత్తి చేయాలనుకోకండి. లారీ కమాను పట్టీ, పాత ఆకురాయి లాంటి గట్టి ఉక్కు ఆరు నెలల తర్వాత ముట్టుకోండి.

పాత జీఐ పైపులు చాలా ఉన్నాయి, వాడొచ్చా?

వద్దు. వాటి పైన ఉండే జింకు పూత 907 డిగ్రీల దగ్గర మరిగిపోతుంది, కొలిమి వేడి అంతకంటే ఎక్కువ. తెల్లటి పొగ, దూదిలాంటి నుసి లేస్తాయి. అది పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లు నొప్పులు, నోట్లో తీపి లోహపు రుచి. రాత్రికి వస్తుంది కాబట్టి మలేరియా అనుకుంటారు. మెరిసే క్రోమియం పూత ఉన్న బండి భాగాలు ఇంకా విషం. రంగు వేసిన ఇనుమైతే ముందు గీకేయండి.

ఇనుము తగినంత కాగిందని ఎలా తెలుస్తుంది?

కంటితోనే. మొత్తం పనిలో నేర్చుకోవాల్సింది ఇదే అంటే అతిశయోక్తి కాదు. నీడలో చూస్తే ముందు ఎండిన ద్రాక్షలాంటి చీకటి ఎరుపు వస్తుంది, దాదాపు 650 డిగ్రీలు. ఈ రంగులో కొడితే ఇనుము లొంగదు, గట్టి ఉక్కైతే పగుళ్లు కూడా వస్తాయి. తర్వాత పండుమిరప ఎరుపు, 800 దగ్గర. అది దాటి నారింజ, 900 నుంచి 1000. గుమ్మడిపువ్వు పసుపు వచ్చిందంటే 1100 అటూ ఇటూ, ఎంఎస్ రాడ్డును కొట్టడానికి ఇదే హాయి, సుత్తి కింద గట్టి మైనంలా కదులుతుంది. ఇంకా ఊదితే తెల్లబడి, మతాబులా చిటపట రవ్వలు రాలుతాయి. అంటే ఉక్కే కాలిపోతోంది. ఆ భాగం ఇక బాగుపడదు, కోసి పారేయండి.

పసుపులో తీసి, కొడుతూ, పండుమిరప ఎరుపుకు రాగానే ఆపి మళ్లీ పెట్టండి. ఇంకో నాలుగు దెబ్బలు వేద్దామనే ఆశే కొత్తవాళ్ల వస్తువుల్లో సగం పగుళ్లకు కారణం. కడ్డీని గొట్టం మూతికి ఎదురుగా కాకుండా దానికి రెండు మూడంగుళాల పైన, నిప్పుల మధ్యలో అడ్డంగా ఉంచండి. గాలి నేరుగా తగిలితే కాగడం మానేసి పొలుసు కడుతుంది.

మొదట ఏం చేయాలి? కత్తి చేయొచ్చా?

కత్తి కాదు, కొక్కెం. పది ఎంఎం కడ్డీ చివర రెండంగుళాలు పసుపు వచ్చేదాకా కాచి, దాగలి అంచు దగ్గర కొంచెం వాల్చి పట్టుకుని కొట్టండి, ప్రతి దెబ్బకీ కడ్డీని పావు చుట్టు తిప్పి వెనక్కి తిప్పండి. ముందు నలుచదరపు మొన రావాలి. తర్వాత మూలలు కొట్టి ఎనిమిది పలకలు చేయండి, ఆ తర్వాతే గుండ్రం. ఆత్రపడి మొదటి నుంచే గుండ్రంగా కొడితే మధ్యలో బోలుపడి, మొన చీపురు పుల్లలా చీలుతుంది. నా మొదటి ఐదు మొనలూ చీలినవే.

మొన కొసను కొంచెం వెనక్కి చుట్టండి, అది చేతికి గుచ్చుకోకుండా. మళ్లీ కాచి దాగలి కొమ్ము మీదో, మొద్దులో దిగేసిన లావు గొట్టం మీదో వంపు తిప్పండి. రెండో చివర చదును చేసి మేకు రంధ్రం పెడితే తోరణం తగిలించడానికి అయింది. ఇలాంటివి ఇరవై చేశాక అట్లకాడ, ఆ తర్వాత చిన్న తొలిక మొన.

నల్లగా ఉంది కదా అని పట్టుకున్నా, కాలింది. ఎందుకలా?

ఎరుపు పోయిందంటే చల్లారిందని కాదు. నాలుగు వందల డిగ్రీల దగ్గర కూడా ఇనుము నల్లగానే కనిపిస్తుంది. కొలిమి దగ్గర కాలేది ఎక్కువగా ఎర్రటి ఇనుముతో కాదు, ఈ నల్లటి ఇనుముతోనే. కింద పడ్డ ఏ ముక్కనైనా ముందు అరచేతి వెనక భాగం దగ్గరగా పెట్టి వేడి చూడండి. కాగిన ముక్కలకు ఒక మూల కేటాయించి ఇంకెక్కడా పెట్టకండి. కాలితే పంపు కింద మామూలు నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచండి, పేస్టు, పసుపు, ఐసు వద్దు. బొబ్బ పెద్దదైతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

## కత్తులు, పదును, అమ్మకం

కమాను పట్టీతో కత్తి చేశా, నీళ్లలో ముంచగానే టిక్‌మని పగిలింది.

కమాను పట్టీలో కార్బన్ అర శాతానికి పైనే ఉంటుంది, కలిపిన లోహాలు కూడా ఉంటాయి, దానికి నీళ్లు మరీ దురుసు. వేరుశనగ నూనో పామాయిలో 50, 60 డిగ్రీలకు వెచ్చబెట్టి మూత ఉన్న ఇనుప డబ్బాలో పోయండి. కత్తి అంచు సమంగా కాగి అయస్కాంతానికి అంటుకోవడం మానేయాలి, అది సుమారు 770 డిగ్రీలు. అక్కణ్నుంచి ఇంకొంచెం కాచి, మొన కిందికి నిలువుగా ముంచండి. నూనె భగ్గుమంటే మూత వేయండి, నీళ్లు పోయొద్దు. వాడేసిన ఇంజన్ ఆయిల్ ఉచితమే కానీ దాని పొగ పీల్చడం మంచిది కాదు. వాడిన పట్టీలో కంటికి కనపడని పాత పగుళ్లు కూడా ఉంటాయి, అందుకే కొన్నిసార్లు అన్నీ సరిగ్గా చేసినా పగులుతుంది.

ఊళ్లో కమ్మరి కొడవలిని నీళ్లలోనే ముంచుతాడు, ఆయనకు పగలదేం?

ఆయన మొత్తం ముంచడు, చూడండి. అంచు మాత్రమే తడిపి తీసేస్తాడు, వీపు ఎర్రగానే ఉంటుంది. వెంటనే ఆకురాయితోనో ఇటుక ముక్కతోనో అంచును తెల్లగా గీకి కదలకుండా చూస్తూ ఉంటాడు. వీపులోని వేడి అంచువైపు పాకుతుంటే గీకిన చోట లేత ఎండుగడ్డి రంగు, తర్వాత ముదురు తేనె, ఆపైన వంకాయ ఊదా, నీలం వరసగా నడుస్తాయి. తనకు కావాల్సిన రంగు అంచుకు రాగానే మళ్లీ ముంచి ఆపేస్తాడు. లేత ఎండుగడ్డి రంగు అంటే దాదాపు 220 డిగ్రీలు, నీలం అంటే 300. గడ్డి రంగు దగ్గర ఆపితే పదును ఎక్కువ నిలుస్తుంది, నీలం దగ్గర ఆపితే విరగదు. ఆ రంగులన్నీ గడిచేది కొన్ని సెకన్లలో. ఇంట్లో ఓవెన్ ఉంటే ముంచి తీసిన కత్తిని 200, 220 మధ్య గంట చొప్పున రెండుసార్లు పెట్టండి, అదే పని నిదానంగా అవుతుంది.

కోనసముద్రం ఉక్కులాంటి కత్తి చేయడం ఇంట్లో కుదురుతుందా?

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారన్నది నిజం, ఆ ఊరి పేరు వింటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ అది కొట్టే పనికంటే ముందు కరిగించే పని. ఇనుమును మూసిన మూసలో (లోహం కరిగించే పాత్రలో) కరిగించి, నిదానంగా చల్లార్చి ముద్ద తీయాలి. దాంట్లో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది కాబట్టి వేడి కాస్త ఎక్కువైతే సుత్తి కింద పొడిపొడి అవుతుంది, తక్కువైతే పగులుతుంది. పెరటి తట్ట కొలిమి స్థాయి కాదు ఇది.

కత్తులు చేస్తే పోలీసు ఇబ్బంది ఉంటుందా?

కత్తిపీట, కొడవలి, గొడ్డలి, కూరగాయల కత్తి లాంటి ఇంటి, పొలం పనిముట్లకు ఇబ్బంది లేదు. ఇల్లు, వ్యవసాయం, పరిశ్రమ అవసరాలకు కాకుండా తొమ్మిదంగుళాలకు మించిన పొడవు లేదా రెండంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులు, ఖడ్గాలు, బాకులు ఆయుధాల నిబంధనల కిందికి వస్తాయి. ఫొటోల కోసం తల్వార్ చేస్తానంటే నేనైతే మానేయమంటా.

పీఎం విశ్వకర్మ కింద పనిముట్లకు డబ్బు వస్తుందంటున్నారు, నాకు వస్తుందా?

2023 సెప్టెంబరు 17న మొదలైన పథకం, 18 చేతివృత్తుల్లో కమ్మరం ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేల దాకా సాయం, తర్వాత తక్కువ వడ్డీకి రుణం. కానీ అది ఈ పని మీదే బతికే సంప్రదాయ వృత్తిదారుల కోసం. ప్రభుత్వ ఉద్యోగులకు, వాళ్ల కుటుంబాలకు వర్తించదు. సరదాకి చేసే మనం అడగాల్సింది కాదు, మీకు పని నేర్పిన ఆయన ఇంకా దరఖాస్తు చేయకపోతే ఫారం నింపడంలో సాయం చేయండి.

చేసినవి అమ్ముకోవచ్చా?

పార, కొడవలి చేసి ఊళ్లో అమ్మబోతే కమ్మరి వీధిలో సూదులమ్మినట్టే. ఆయన ధరకు మీరు చేయలేరు, ఆ నాణ్యత కూడా రాదు. గోడ కొక్కేలు, తలుపు గడియలు, మొక్కల కుండీల స్టాండ్లు అయితే ఊళ్లో, పట్నంలో కొనేవాళ్లు ఉన్నారు. మొదటి ఏడాది చేసినవి మాత్రం చుట్టాలకు ఇచ్చేయండి, ఏది ఎక్కడ విరిగిందో నిర్మొహమాటంగా వాళ్లే చెబుతారు.

పనయ్యాక కొలిమి ఎలా ఆర్పాలి?

నీళ్లు పోయకండి, మట్టి పగులుతుంది, వేడి ఆవిరి మొహాన కొడుతుంది. గాలి ఆపి, కాలుతున్న బొగ్గును పారతో తీసి మూత గట్టిగా పట్టే ఇనుప డబ్బాలో వేసి మూసేయండి, గాలి అందక ఆరిపోతుంది, మర్నాటికి వాడుకోవచ్చు. డబ్బాను చెక్క మీద పెట్టకండి, రాత్రంతా వేడిగానే ఉంటుంది. కొలిమిలో మిగిలినదాని మీద ఇసుక చల్లి, చుట్టూ ఎండుటాకులు లేకుండా ఊడ్చి, గంట తర్వాత ఒకసారి టార్చి పట్టుకుని వచ్చి చూడండి. నేను భోజనం చేశాక వెళ్తా, రెండుసార్లు మొద్దు కింద రంపపు పొట్టు సన్నగా పొగ చిమ్ముతూ కనపడింది.